సర్దుళ్లమ్మ రాళ్ళు మార్చిన ఆదివారం

మా పైవాటాలో కరెంటు పోతే ఎవరూ తడుముకోరు. అగ్గిపెట్టె ఎక్కడుంటుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పొయ్యికి ఎడమవైపు, ఉప్పుజాడీ వెనక, గీసే వైపు గోడకి తిప్పి ఉంటుంది. కత్తెర తలుపు వెనక మేకుకి, సూది దారం మూడో అరలో. మా ఇంట్లో కత్తెర కావలసివస్తే మేడెక్కి వాళ్ళది తెచ్చుకోవడమే సుళువు. మాది వెతికేలోగా తెల్లారుతుంది.

ఆ పైవాటా ఆవిడకి సర్దుళ్లమ్మ అని పేరు పెట్టింది నేనే. మొదట్లో ఎకసెక్కంగానే పెట్టాను. ఒకసారి మా ఇంటికి వచ్చి నాతో మాట్లాడుతూనే నా గరిటెలన్నీ పొడుగు వరసలో పేర్చేసింది. నాకు ఒళ్ళు మండి, "నువ్వు మనిషివా, సర్దుళ్లమ్మవా" అన్నాను. అది వీధంతా పాకింది. ఇప్పుడూ అదే పేరుతో పిలుస్తాను గానీ, ఎకసెక్కం ఎప్పుడో పోయింది. ఎలా పోయిందో చెప్పాలి.

మా వీధి చివర పళ్ళ ఆసుపత్రిలో ఆవిడ పదకొండేళ్ళుగా పని చేస్తోంది. నేల తుడవడం, పరికరాలు ఉడకబెట్టడం, పళ్ళెంలో వరసగా పేర్చి పెట్టడం. డాక్టరమ్మ తల తిప్పకుండా చెయ్యి చాపితే కావలసిన పరికరమే చేతికి తగలాలి. పదకొండేళ్ళలో ఒక్కనాడూ పక్కది తగల్లేదని డాక్టరమ్మే నాతో చెప్పింది. నేనడిగితేనే చెప్పిందనుకోండి. నా పళ్ళసెట్టు కోసం ఆ ఏడాది తొమ్మిదిసార్లు తిప్పించారు. నోరు తెరిచి ఉంచినంతసేపూ నన్ను మాట్లాడనివ్వరు కాబట్టి, ఆ బాకీ అంతా ముందు హాల్లోనే తీర్చుకునేదాన్ని.

ఆ హాల్లోనే ఉంది చేపల తొట్టి. నాలుగడుగుల పొడవు గాజు తొట్టి. లోపల ఇసక, నల్లరాళ్ళు, రాళ్ళ మధ్య గుహల్లాంటి సందులు. దాన్ని చూసుకునే మనిషి అయిదేళ్ళ కిందట రావడం మానేస్తే డాక్టరమ్మ సర్దుళ్లమ్మని పిలిచి, "ఇకనుంచి ఇది నీది" అందట. ఆ మాట ఆవిడ నాకు నాలుగైదుసార్లయినా చెప్పి ఉంటుంది. అక్కడ చీపురు ఆసుపత్రిది, బకెట్టు ఆసుపత్రిది, ఒంటిమీది నీలం కోటు కూడా ఆసుపత్రిదే. నీది అన్నది ఆ ఒక్కదాన్నే.

అందులో ఉండేవి సిక్లిడ్లు అనే రకం. పసుపువి, నీలంవి, నారింజ రంగువి. చూపుకి బొమ్మల్లా ఉంటాయి గానీ, గుణం మాత్రం గెట్టు తగాదా పడే అన్నదమ్ములది. ప్రతిదానికీ ఒక రాయి, ఒక సందు. అవతలిది గీత దాటితే చాలు, మీదపడి రెక్కలు కొరికేస్తాయి. అన్నిటికన్నా పెద్దది నీలం మీద నల్లచారలున్న మగచేప. తొట్టికి సరిగ్గా నడిమధ్య ఉన్న గుహ వాడిది. వాడికి మేమిద్దరం పెత్తందారని పేరు పెట్టుకున్నాం.

ఒక ఎండాకాలం జబ్బు చేసి పన్నెండు చేపలు కాస్తా అయిదయ్యాయి. తొట్టి బోసిపోయింది. డాక్టరమ్మ కొత్తవి తెప్పించింది. మొదట రెండు తెచ్చి వేస్తే మర్నాటికి లేవు. తర్వాత మూడు వేస్తే మూడోరోజుకి లేవు. ఆ తర్వాత ఒక్కటే, ముద్దొచ్చే పసుపు చేప. దాన్ని పెత్తందారు మూలకి తరిమి, పట్టపగలు, హాలు నిండా జనం చూస్తుండగా పొడిచాడు. పన్ను తీయించుకోవడానికి వచ్చిన ఒక చిన్నపిల్ల గాజుకి ముక్కు ఆనించి అది చూసింది. ఇక ఆ పిల్ల ఏడుపు చెప్పనలవి కాదు. గుమ్మం పట్టుకుని లోపలికి రానంది. చివరికి వాళ్ళమ్మ పన్నుతోనే ఇంటికి తీసుకుపోయింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ నెమ్మదిగానే చెప్పింది.

"చూడమ్మా, వచ్చినవాళ్ళకి భయం తగ్గుతుందని పెట్టాను ఆ తొట్టి. భయం అక్కడే మొదలైతే ఇంకెందుకు? ఇంకొక్కసారి చూద్దాం. ఈసారి కూడా చంపుకుంటే ఉన్న అయిదింటినీ చేపల కొట్టాయనకి ఇచ్చేసి, ఆ చోట టీవీ పెట్టిస్తాను."

చీటీలు రాసే అమ్మాయి బల్ల దగ్గర్నుంచి తలెత్తకుండానే అంది. "మంచిదేలే అక్కా. టీవీకైతే మేత వెయ్యక్కర్లేదు. పైపైన తుడిస్తే చాలు."

సర్దుళ్లమ్మ తుడుపుకర్ర దాని చోట పెట్టింది. ఆవిడ ఆసుపత్రిలో ఎవరికీ ఎదురు చెప్పగా నేను వినలేదు. ఇంటికొచ్చి మా మెట్లమీద కూర్చుంది.

"పిన్నీ, దోషం నా చేతిలోనే ఉందేమో."

"నీ చేతిలో దోషముంటే ఇంక మా చేతులు నరికి పారెయ్యాలి" అన్నాను. "అసలు నువ్వు ఆ తొట్టిని ఏం చేస్తావో మొదట్నుంచీ చెప్పు."

నాకు తెలుసుకోనిదే నిద్ర పట్టదు. ఆవిడకి చెప్పక తప్పలేదు. ప్రతి ఆదివారం ఆసుపత్రికి సెలవు కాబట్టి, శనివారం సాయంత్రమే నీళ్ళు కొంత తోడుతుంది. రాళ్ళన్నీ తీసి బ్రష్షుతో పాచి వదలగొడుతుంది. మళ్ళీ ఎక్కడి రాయి అక్కడే పెడుతుంది. తేడా రాకుండా తొట్టి అంచుమీద పెన్సిలుతో సన్నగా గీతలు గీసుకుంది. ఏ గీత దగ్గర ఏ రాయో, దాని ఏ మొహం ఇటు తిరగాలో అన్నీ గుర్తులే. అయిదేళ్ళలో వెంట్రుకవాసి కదల్లేదట. వింటుంటే నాకు ముచ్చటేసింది. మెచ్చుకున్నాను కూడా. ఇందులో దోషం వెతకాలని ఎవరికి తోస్తుంది?

నాలుగు రోజుల తర్వాత పళ్ళసెట్టు కొలతకి వెళ్ళాను. ఆ రోజు హాల్లో నేలకి పాలిష్ పట్టించారు. ఒక పక్క ఇంకా తడి ఆరకపోవడంతో కుర్చీలన్నీ ఇవతలికి లాగి, గోడకి కాకుండా ఎదురెదురుగా రెండు వరసల్లో వేశారు. సర్దుళ్లమ్మ మొహం చూడాలి. ఎవరో తన ఇంటినే తలకిందులు చేసినట్టుంది.

అంతలో మాస్టారు వచ్చాడు. బడి నుంచి రిటైరై చాలా ఏళ్ళయింది, కింది దవడ బాగు చేయించుకుంటున్నాడు. ఫ్యాను కింద కిటికీ పక్క కుర్చీ ఆయనది. రాసిచ్చిన వాళ్ళెవరూ లేరు, అయినా ఆయనదే. ఎవరైనా కూర్చుంటే ఎదురుగా నిలబడి గొడుగు నేలకి కొడతాడు. ఒకసారి కడుపుతో ఉన్న మనిషిని కూడా అలాగే లేపాడు. నేను రెండు మాటలు అన్నాననుకోండి, కానీ లేపడం లేపేశాడు.

ఆ రోజు ఆయన గుమ్మంలో ఆగి అటు చూశాడు, ఇటు చూశాడు. కిటికీ ఉంది, ఫ్యాను ఉంది, కింద కుర్చీ లేదు. గొడుగు చంకలో పెట్టుకుని దొరికినదాని అంచున కూర్చున్నాడు. కాసేపటికి ఒక లావుపాటావిడ వస్తే కాళ్ళు ముడుచుకుని, "రామ్మా, ఇక్కడ ఖాళీ ఉంది, కూర్చో" అన్నాడు.

సర్దుళ్లమ్మ తుడుపుకర్ర పట్టుకుని కొయ్యబారినట్టు నిలబడిపోయింది. తర్వాత నా పక్కకి వచ్చి చెవిలో అంది.

"పిన్నీ, మాస్టారు ఎవర్నీ లేపలేదు."

"తన కుర్చీ ఏదో తెలిస్తేగా లేపడానికి."

"అదే" అంది. ఆవిడ చూపు మాస్టారి మీద లేదు. తొట్టి మీద, పెత్తందారి గుహ మీద ఉంది. "వాడికి తెలుసు పిన్నీ. వాడి కుర్చీ ఏదో వాడికి బాగా తెలుసు. ప్రతి శనివారం తుడిచి, మెరిపించి, తీసుకెళ్ళి మళ్ళీ వాడి కిందే పెడుతున్నాను."

ఇంత చదువుకున్నవాళ్ళు తిరిగే చోట, ఆ మాట తోచింది ఆవిడకే. ఇది నేను ఎక్కడైనా చెబుతాను.

సాయంత్రం ఇద్దరం చేపల కొట్టుకి వెళ్ళాం. నన్ను రమ్మనలేదు, నేనే వెళ్ళాను. కొట్టాయన వలతో ఏదో తీస్తున్నాడు. సర్దుళ్లమ్మ అడిగింది.

"రాళ్ళు వేరేగా పెడితే పోట్లాట తగ్గుతుందాండీ?"

"తగ్గకేం? కొత్తవి వేసేటప్పుడు ఎవరైనా చేసేది అదేగా. మీరు మార్చట్లేదా?"

"మీరెప్పుడూ చెప్పలేదు."

ఆయన వల కింద పెట్టి ఆవిడ వైపు చూశాడు. "వారం వారం రాళ్ళు తీసి కడుగుతానన్నారు కదమ్మా. కడిగితే ఎలాగూ మారిపోతాయిగా. ప్రపంచంలో అందరికీ వాటంతట అవే మారిపోతాయి. తీసినదాన్ని తీసినట్టే పెట్టే మనిషి ఉంటుందని నాకేం తెలుసు?"

"గీతలు గీసుకుని మరీ పెట్టింది" అన్నాను నేను. ఆయన నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగాడు.

మిగతా సంగతులు ఆయన శ్రద్ధగానే చెప్పాడు. ఒకటి రెండు వేస్తే దెబ్బలన్నీ వాటికే పడతాయి, అరడజను ఒక్కసారే వెయ్యాలి. మరీ చిన్నవి కాకూడదు. నీలం అసలే వద్దు, తన రంగువాడిని చూస్తే పెత్తందారుకి పూనకం వస్తుంది. ముందు పాతవాటికి కడుపు నిండా మేత వెయ్యాలి. ఆరు చేపల్ని ఎంచి, పది రోజులు విడి తొట్టిలో ఉంచి, జబ్బు లేదని చూసుకుని ఇస్తానన్నాడు.

ఆ తర్వాత రెండో ఆదివారం డాక్టరమ్మే వచ్చి ఆసుపత్రి తలుపు తీసింది. తన గదిలో కాగితాలు చూసుకుంటూ కూర్చుంది. సర్దుళ్లమ్మ పాతవాటికి మేత వేసింది. చేపలున్న సంచిని తొట్టి నీళ్ళలో తేలేసి, వెచ్చదనం సమానమయ్యాక బకెట్టులోకి వంచి, తొట్టి నీళ్ళు కప్పుతో కొంచెం కొంచెం కలిపింది. కొత్త నీళ్ళు ఒక్కసారే తగిలితే చేప తట్టుకోలేదట. ఈ పనంతా చూసి తీరాలి. ఒక చుక్క నేల పడలేదు.

అప్పుడు రాళ్ళన్నీ బయటికి తీసింది. పెత్తందారు ఖాళీ ఇసకలో నడిమధ్య నిలబడి రెక్కలు విప్పుకున్నాడు. సర్దుళ్లమ్మ ఒక్కొక్క రాయీ తీసుకుని చకచకా పెట్టేసింది. చెయ్యి తుడుచుకుని వెనక్కి జరిగి చూసింది. నేనూ చూశాను.

"అమ్మాయ్, ఇవి ఇంతకు ముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి."

ఆవిడ నమ్మలేదు. వంగి అంచుమీద పెన్సిలు గీతలతో సరిచూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. మళ్ళీ అన్నీ తీసి మళ్ళీ పెట్టింది. ఈసారి నాలుగు రాళ్ళు మారాయి గానీ, నడిమి గుహ మాత్రం నడిమధ్యే కూర్చుంది. అయిదేళ్ళ అలవాటు పడిన చెయ్యి. గానుగెద్దుని విప్పి వదిలినా గుండ్రంగానే తిరుగుతుంది.

"నువ్వు పెట్టు పిన్నీ" అంది. "వస్తువుని దాని చోట పెట్టడం నీకు పుట్టాక అలవాటు లేదుగా."

అనాల్సిన మాటే, అనాల్సిన సమయంలోనే అంది. నేను కొంగు దోపుకుని లేచి ఒక రాయి వేశాను. అది వాలిపోయి గాజుకి ఆనుకుంది. ఆవిడ దాన్ని చూసిన చూపు, రోడ్డు మీద పడిపోయిన మనిషిని చూసినట్టుంది. లేపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత తడిగుడ్డ తీసుకుని తొట్టి చుట్టూ తిరిగి, ఆ పెన్సిలు గీతలన్నీ చెరిపేసింది. ఆ గీతలు చెరపడానికి ఆవిడకి రాళ్ళు మొయ్యడంకన్నా ఎక్కువసేపు పట్టింది.

గీతలు పోయాక చెయ్యి మాట విన్నది. నడిమి గుహని మూడు ముక్కలు చేసి మూడు వైపులా వేసింది. కొన్నిటిని బోర్లించింది, రెండింటిని ఒకదానిమీద ఒకటి వంకరగా నిలబెట్టింది. సందులు ఎక్కువయ్యాయి, ఏదీ ఎవరిదో తెలియదు. తొట్టి లైటు ఆర్పి, మీద దుప్పటి కప్పి, ఆరు చేపల్నీ ఒకటొకటే లోపలికి జార్చింది. రెండు నారింజ, మూడు పసుపు, ఒకటి తెలుపు.

గంట తర్వాత దుప్పటి కొస ఎత్తి చూశాం. పెత్తందారు అటు ఇటు తిరుగుతున్నాడు. ఒకదాన్ని తరమబోతాడు, ఎక్కణ్ణుంచి తరమాలో తోచక ఆగిపోతాడు.

సోమవారం అన్నీ ఉన్నాయి. మంగళవారం ఉన్నాయి. చీటీల అమ్మాయి కూడా ఫోను పక్కన పెట్టి రెండుసార్లు లెక్కపెట్టింది. బుధవారం నా సెట్టు చేతికిచ్చే రోజు. పొద్దున్నే వెళ్ళేసరికి తెల్లచేప తోక సగం చిరిగి ఒక మూల నీళ్ళపైకి తేలి ఆయాసపడుతోంది. పెత్తందారు రెండు రాళ్ళ సందు ఒకటి చూసుకున్నాడు. దాని ముందు కాపలా మొదలైంది. డాక్టరమ్మ చూసి నిట్టూర్చింది.

"సరేనమ్మా. నువ్వు చెయ్యవలసింది చేశావు. ఆ తెల్లదాన్ని తీసెయ్. పిల్లలెవరైనా వచ్చి చూడకముందే. శనివారం కొట్టాయన్ని రమ్మని చెబుతాను."

సర్దుళ్లమ్మ కదల్లేదు.

"దాన్ని తియ్యనమ్మా" అంది.

చీటీల అమ్మాయి తలెత్తింది. నేను నా కొత్త పళ్ళు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"దెబ్బ తిన్నదాన్ని తీస్తే వాడు ఇంకోదాన్ని చూసుకుంటాడు. కొట్టినవాణ్ణి తీస్తాను. ఆదివారం దాకా ఇవ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం."

"వాడు పాతవాడు కదా. ఈ తొట్టికి అందం వాడే."

"అందుకే ఊరుకున్నాను అయిదేళ్ళూ" అంది సర్దుళ్లమ్మ. "వాడినే ముందు చూసుకున్నాను. మిగతావన్నీ వాడి చుట్టూ సర్దాను. పని బాగా చేస్తున్నాననే అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది కదా, సరిచేసేదీ నేనే."

ఆవిడ గొంతు పెంచలేదు. డాక్టరమ్మ "ఆదివారం దాకా" అని లోపలికి వెళ్ళిపోయింది.

వలతో పెత్తందారుని పట్టడానికి అరగంట పట్టింది. వాడిని మూతకి చిల్లులున్న పెద్ద డబ్బాలో నీళ్ళు పోసి వేసి, గాలిగొట్టం పెట్టి, పరికరాలు కడిగే గదిలో ఉంచింది. అక్కడ వాడికి రాయి లేదు, సందు లేదు, తరమడానికి మనిషి, అదే, చేప లేదు. హాల్లో మిగిలినవి పదీ నాలుగు రోజుల్లో తలో చోటు చూసుకున్నాయి. తెల్లదాని తోక అంచున సన్నటి పొర మొలిచింది. ఆ సంగతి పెత్తందారుకి చెప్పాలని నాకు నోరు దురద పుట్టింది గానీ, వాడికి చెప్తే ఏం అర్థమవుతుంది?

ఆదివారం సర్దుళ్లమ్మ మళ్ళీ రాళ్ళు కదిపింది. ఈసారి చెయ్యి ఎక్కడా తడబడలేదు. కబుర్లు చెబుతూనే అన్నీ కలగాపులగం చేసేసింది. తర్వాత పెత్తందారుని దుప్పటి కింద లోపలికి వదిలింది. వాడు ఇప్పుడు కొత్త కాపురానికి వచ్చినవాడు. దుప్పటి తీశాక చూస్తే, ఒక నారింజ చేప వాడిని తన రాయి దగ్గర్నుంచి తరుముతోంది. వాడు పక్కకి తప్పుకున్నాడు. సాయంత్రానికి ఒక చివర చిన్న సందు దొరికింది. అక్కడే ఉండిపోయాడు. తరమడం పూర్తిగా మానలేదు. జాతి గుణం ఎక్కడికి పోతుంది? కానీ ఒక్కదాన్నే పట్టుకుని చంపే పట్టుదల పోయింది.

ఆరు వారాలు గడిచాయి. పదకొండుకి పదకొండూ ఉన్నాయి. ఈ ఆరు వారాల్లోనూ శనివారం మాని, జనం లేని రోజని ప్రతి ఆదివారం తొట్టి కడిగింది, ప్రతిసారీ కొత్త తీరున రాళ్ళు పెట్టింది. ఇప్పుడు ఆవిడకి అందులో సరదా పుట్టింది. ఒక వారం కొండలా, ఒక వారం వంతెనలా. వచ్చినవాళ్ళు ఈ వారం ఎలా ఉందో చూడ్డానికే తొట్టి దగ్గరికి నడుస్తున్నారు. మాస్టారైతే ముక్కుమీదికి కళ్ళజోడు జార్చుకుని, "ఆ ఎడమవైపు రాయి కొంచెం బరువైంది" అని సలహాలు చెబుతున్నాడు. ఆ ఏడ్చిన పిల్ల కూడా వాళ్ళమ్మతో మళ్ళీ వచ్చింది. చేపలు తిరుగుతుంటే లెక్క తప్పుతుందని మూడుసార్లు మొదట్నుంచీ లెక్కపెట్టి, పదకొండు వచ్చాక లోపలికి వెళ్ళి నోరు తెరిచిందట. ఇది నేను చూడలేదు. చీటీల అమ్మాయి చెప్పింది. చెప్పేటప్పుడు సర్దుళ్లమ్మని "మా అక్క" అంది.

నా పళ్ళసెట్టు పని అయిపోయినా, ఎడమవైపు ఒరుసుకుంటోందని చెప్పి మొన్న శనివారం మళ్ళీ వెళ్ళాను. ఒరుసుకోవడం కొంత నిజమే. డాక్టరమ్మ హాల్లోకి వచ్చి తొట్టి ముందు నిలబడింది. తెల్లచేప ఇప్పుడు నిండు తోకతో తిరుగుతోంది.

"టీవీ సంగతి మర్చిపో" అంది సర్దుళ్లమ్మతో. "నా స్నేహితురాలి ఆసుపత్రిలో కూడా ఇలాంటి తొట్టే ఉంది, అక్కడా చస్తున్నాయట. వచ్చి చూస్తావా అని అడుగుతోంది."

"వెళ్ళి చూస్తాను. కానీ మొదట వాళ్ళ తొట్టి ఎవరు కడుగుతారో ఆ మనిషితో మాట్లాడాలి. డాక్టరుగారితో కాదు."

డాక్టరమ్మ నవ్వింది. "ఇంకేమైనా ఉందా?"

"ఉందమ్మా. ఆదివారాలు మీరు నాకోసం రానక్కర్లేదు. తాళంచెవి నా దగ్గర ఉండనివ్వండి."

పదకొండేళ్ళుగా ఆ తలుపు తీసేది డాక్టరమ్మే. ఆవిడ గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి ఇచ్చింది. సర్దుళ్లమ్మ దాన్ని రెండుసార్లు అటు ఇటు తిప్పి చూసి, నీలం కోటు జేబులో వెయ్యబోయి ఆగింది. ఆ కోటు ఆసుపత్రిది. తాళంచెవిని తీసి తన కొంగున ముడేసుకుంది.